చెమట పట్టే పటం

మునిసిపల్ ఆఫీసు నీళ్ళ సెక్షన్లో గోడకున్న ఊరి పటానికి రోజూ పొద్దున్నే చెమట పట్టేది. ఏ వీధిలో పైపు కారుతుంటే పటంలో ఆ వీధి తడిసేది. బూజు పడుతుందని అటెండరు పదింటికల్లా గుడ్డతో తుడిచేసేవాడు. అదీ ఒక డ్యూటీ, అంతే.

తుడవకముందే వచ్చేది ఒక్క క్లర్కు. పాపను తన తల్లికి అప్పజెప్పి, పరుగున వచ్చి, తడి ఉన్నచోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టేది. అందుకే ఆమె పెన్సిలమ్మ అయింది. ఫిట్టర్లతో వీధులు తిరగడం ఆడవాళ్ళకెందుకని, ఫీల్డు రిజిస్టరు మాత్రం పక్కసీటు గుమాస్తాకిచ్చారు. అతను సున్నాలు చూసి తవ్వించి, "లీకు కనిపెట్టినవారు" గడిలో తన పేరు రాసుకునేవాడు.

"మీ సున్నా లేకపోతే నేనే సున్నానమ్మా!" అని నవ్వేవాడు.

పదకొండేళ్ళు నవ్వాడు. అప్పుడు ఇన్‌స్పెక్టరు పోస్టు ఖాళీ అయింది. ఇద్దరూ అర్జీ పెట్టారు.

"మీరు కనిపెట్టిన లీకు ఒక్కటీ లేదే?" అన్నాడు కమిషనరు, రిజిస్టరు తిరగేస్తూ.

"అన్నీ నేను కనిపెట్టినవే సార్. పటం మీద సున్నాలు చూడండి."

"సున్నాలెవరైనా చుడతారు. సంతకమేదీ?"

గుమాస్తా కిటికీలోంచి బయటికి చూశాడు.

'శ్రద్ధ ఉంది. ఫీల్డు అనుభవం లేదు' అని ఆమె ఫైల్లో రాశారు. పోస్టు అతనికి, కింద అంతస్తులో జనన మరణాల సెక్షను ఆమెకి.

"ఇంటికి పెందలాడే పోవచ్చు, మీకే మంచిదిలెండి," అన్నాడు కొత్త ఇన్‌స్పెక్టరు.

మర్నాడు పటం పొడిగా ఉంది. ఆ మర్నాడూ అంతే. అటెండరు గుడ్డ పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు అంచనా మీద మూడుచోట్ల తవ్విస్తే పొడిమట్టి వచ్చింది. ఆస్పత్రి వీధిలో మోకాలిలోతు నీళ్ళు, ఎగువ వీధుల కుళాయిల్లో గాలి.

నాలుగో రోజు పొద్దున కింద అంతస్తులో ఆమె కుర్చీ వెనక గోడకి చెమట పట్టింది. పటం లేకుండానే సున్నం మీద వీధులన్నీ తేలాయి.

ఫిట్టర్ల మేస్త్రి పార భుజాన వేసుకొచ్చి గోడకేసి చూశాడు. "ఎక్కడ తవ్వమంటారమ్మా?"

అలవాటుగా పెన్సిలెత్తిన ఆమె చెయ్యి ఆగిపోయింది. "రిజిస్టరు తెచ్చావా?"

"అది పైన సారు దగ్గరుందిగా."

"తీసుకురా. నా పేరు రాశాకే చెప్తాను."

"ఊరంతా నీళ్ళకి అల్లాడుతోందమ్మా."

"మా ఇంట్లో వస్తున్నాయా ఏంటి? పాపకి రెండ్రోజులుగా స్నానం లేదు. ఎంత తొందరగా తెస్తే అంత తొందరగా చెప్తాను."

మేస్త్రి పార గోడకానించి మెట్లెక్కాడు. ఈలోగా అటెండరొచ్చి, గోడ చూసి, ఆమెను చూసి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కాసేపటికి మెట్ల మీద ఇద్దరి అడుగులు వినపడ్డాయి. ఇన్‌స్పెక్టరు తలెత్తకుండా రిజిస్టరు బల్ల మీద పెట్టాడు. ఆ పోస్టిక అతను రిటైరైతే గానీ ఖాళీ కాదు. ఆమెకది తెలుసు. పెన్సిలు సొరుగులో పడేసి, పెన్ను మూత తీసింది.