గుమ్మం దగ్గర ఆగిపోయిన నర్సమ్మ

నేను ఒక వీడియో గేమ్ క్యాసెట్‌ని. క్యాసెట్ అనగానే పాటలు వినిపించమని అడక్కండి, నాలో టేపు లేదు. బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె, లోపల ఒక పచ్చటి పలక, దాని మీద కొన్ని చిప్పులు, రూపాయి బిళ్లంత బ్యాటరీ. ఇదే నా ఒళ్లు. ఈ కాస్త ఒంట్లోనే ఒక రాజ్యం, కొన్ని ఊళ్లు, ఒక సముద్రం, బోలెడంతమంది రాక్షసులు సర్దుకుని కూర్చున్నారు. మీకేమో చీరలకే ఒక బీరువా చాలదు.

పుట్టింది జపాన్‌లో. నన్ను తయారుచేసినవాళ్లు ఇళ్లకు పోకుండా ఆఫీసులోనే బల్లల కింద పడుకుని పనిచేశారట. వాళ్లలో ఒకాయన నా ముగింపు కోసం ఒక పాట కట్టాడు. మాటల్లేని పాట. లోకం బాగుపడ్డాక, నలుగురు వీరులూ ఎవరి ఊరికి వాళ్లు నడిచి వెళ్తుంటే వెనకాల వస్తుంది. నాలో అన్నిటికన్నా గొప్పది అదే. గొప్పలు చెప్పుకుంటున్నానని మూతి తిప్పకండి. నా గొప్ప నేను చెప్పకపోతే పక్క క్యాసెట్ చెబుతుందా?

నా మొదటి యజమాని ఒక కాలేజీ కుర్రాడు. తిండీ నిద్రా మాని నన్ను ఆడాడు. ఆ పాట విని ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. జన్మలో నిన్ను వదలనని నా పెట్టెను గుండెకు హత్తుకున్నాడు. మరుసటి ఏడు నా తరువాతి భాగం మార్కెట్లోకి రాగానే నన్ను తీసుకెళ్లి యోకొహామాలో పాత సామాన్ల దుకాణంలో అమ్మేశాడు. మనుషుల ప్రమాణాలకు వారంటీ ఉండదని నాకు అప్పుడే తెలిసింది.

అక్కడ నన్ను కొన్నవాడు పైడిరాజు. విశాఖపట్నం మల్కాపురం మనిషి, ఓడలో ఎలక్ట్రీషియన్. నా అట్ట మీద గుర్రపు బండి బొమ్మ చూసి పందేల ఆట అనుకున్నాడు. నన్ను ఆడించే మిషనుతో సహా ఇంటికి మోసుకొచ్చి, మన కరెంటుకు అది మాడిపోకుండా తన చేత్తోనే ఒక ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాడు. తీరా ఆన్ చేస్తే పందెం లేదు, పరుగు లేదు. ఊరూరా తిరగడం, కనబడ్డవాళ్లందరితో మాట్లాడటం, అదీ జపాన్ భాషలో. ఒక్క సాయంత్రం నన్ను తిట్టి, సెలవు అయిపోగానే ఓడ ఎక్కి వెళ్లిపోయాడు.

అలా నేను ఆయన భార్య నూకరత్నం చేతిలో పడ్డాను. ఆమెకు జపాన్ భాష ఒక్క ముక్క రాదు. నా రాతలన్నీ ఆమెకు పుల్లలు పేర్చినట్టు కనిపించేవి. ఆమె బెదరలేదు. పక్కింటి గౌరీశ్వరినీ, ఎదురింటి ఖాదర్‌బీనీ పిలిచి కూర్చోబెట్టుకుంది. ముగ్గురూ కలిసి నా కథను వాళ్లే రాసిపారేశారు. నా వీరుడు చిన్నబాబయ్యాడు. కత్తి యోధుడు బండోడయ్యాడు. మంత్రగాడు పంతులుగారయ్యాడు. తెల్లబట్టలు కట్టుకుని అందరి గాయాలూ మాన్పే పిల్ల నర్సమ్మ అయింది. లోకాన్ని మింగడానికి వచ్చిన నా చీకటి చక్రవర్తిని మాత్రం ఆస్తి పంపకాల్లో అన్యాయమైపోయిన ముసలాయన అని తేల్చారు. ఆయన మొహం చూస్తే వాళ్లకు జాలి.

ఇంతకూ ఆ ముగ్గురికీ నేనెందుకు నచ్చానో చెప్పనా? నేను ఆగుతాను. అంతే. రాక్షసుడు ఎదురుగా నిలబడి ఉన్నా సరే, మీరు బటన్ నొక్కేదాకా వాడు వేలు కూడా కదపడు. నూకరత్నం గంజి వార్చుకుని, పాలవాడితో గొడవ పెట్టుకుని, బట్టలు ఆరేసుకుని వచ్చేది. వాడు గొడ్డలి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండేవాడు. ఆ ఇంట్లో ఆమె కోసం ఆగినది ఇంకేమీ లేదు. అన్నం ఆగదు, కుళాయి ఆగదు, మొగుడి ఓడ అసలే ఆగదు. ఇప్పటి ఆటల్ని చూడండి, క్షణం కన్ను మూస్తే చంపి ఊరుకుంటాయి. అవీ ఒక ఆటలేనా!

వాళ్ల పద్ధతులు వాళ్లకున్నాయి. దసరా ఆయుధపూజకి కుట్టుమిషనుతో పాటు నాకూ బొట్టు పెట్టేవారు. కార్తీకమాసంలో జీవహింస చేయకూడదని ఒక్క రాక్షసుణ్ణీ కొట్టేవారు కాదు. నెలంతా యుద్ధం తగిలిన చోటల్లా పారిపోతూ, ఊళ్లో జనాన్ని పలకరిస్తూ తిరిగేవారు. నన్ను చేసినవాళ్లు ఇది చూస్తే బల్లల కింద నుంచి లేచేవారు కాదు. కరెంటు పోతే ఆడిందంతా పోయేది కాబట్టి గంటకోసారి ఊరి సత్రానికి చేరి, నలుగురినీ పడుకోబెట్టేవారు. సత్రంలో పడుకుంటేనే అప్పటిదాకా నడిచిన నడక నా బ్యాటరీలో నిలుస్తుంది.

ఇలా నడిచి నడిచి, చీకటి చక్రవర్తి కోట గుమ్మం దాకా వచ్చారు. ఇంకేముంది, కాసేపట్లో నా పాట వినబోతున్నారని నేను ఉబ్బిపోయాను.

గుమ్మం ముందు నర్సమ్మ ఆగి ఏదో అడిగింది. కింద రెండు మాటలు. పైది అవును, కిందిది కాదు అని వాళ్లకు అనుభవం మీద తెలుసు. నూకరత్నం అవును నొక్కింది. నర్సమ్మ మిగతా ముగ్గురినీ వదిలి ఒక్కతే లోపలికి నడిచింది. తెర మొత్తం నల్లబడిపోయింది.

"ఒలమ్మో, నర్సమ్మెల్లిపోతందే! ఆపీ వదినా, ఆపీ!" అని గౌరీశ్వరి కేక వేసింది.

నూకరత్నం ప్లగ్గే పీకేసింది. ముగ్గురూ కూర్చుని ఆలోచించి, ఒకరిని బలి ఇస్తేనే గుమ్మం తెరుచుకుంటుంది కాబోలని తీర్మానించారు.

"మనోళ్లకి బాగోనప్పుడల్లా ఆవిడే కదా సూసింది. ఆవిడ్ని బలిచ్చి గెలిస్తే, ఆ గెలుపెవులికి కావాల?" అంది నూకరత్నం.

అంతటితో నా ముగింపు మూలన పడింది. తరువాత ఎన్నిసార్లు గుమ్మం దాకా వెళ్లినా ఆమె కాదు అని నొక్కి వెనక్కి తిరిగేది. ఏళ్లు గడిచాయి. పైడిరాజు సెలవుకి వచ్చినప్పుడల్లా వేళాకోళం చేసేవాడు. "ఇంకా ఆ గుమ్మంకాడే ఉన్నారేటి మీరు? నాను రెండుసార్లు భూగోళం సుట్టొచ్చినాను!" నాకు ఆయన మీద కోపం, వీళ్ల మీద మహా కోపం. సముద్రాలు దాటి వచ్చిన నా పాట ఈ దేశంలో ఒక్క చెవినీ పడకుండా పోతుందేమోనని కుమిలిపోయాను. అయినా నూకరత్నం నర్సమ్మను వెనక్కి తీసుకొచ్చి సత్రంలో పడుకోబెట్టినప్పుడల్లా, ఎందుకో, ఆమెను పూర్తిగా తిట్టలేకపోయేవాణ్ణి.

పైడిరాజు ఓడ ఉద్యోగం మాని ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో నాకు జబ్బు చేసింది. నూకరత్నం జాగ్రత్త కోసం ఆటను నాలోనే మూడు చోట్ల దాచింది. ఒకరోజు ఆన్ చేస్తే రెండు చోట్లు ఖాళీ. పైడిరాజు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "బేటరీ అయిపోనాది. కొత్తది ఎయ్యాల. పాతది తీసీగానే లోపలున్నదంతా పోద్ది. ఎయ్యకపోయినా నేడో రేపో పోద్ది," అన్నాడు. నూకరత్నం ఆ పూట అన్నం తినలేదు.

ఆ వారమే గౌరీశ్వరి కూతురు హిమజ సెలవు మీద ఇంటికి వచ్చింది. శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో దుబాసీ ఉద్యోగం. ఇంతకాలం ఈ మాట ఎవరికీ తట్టకపోవడం చూడండి! జపాన్ భాష వచ్చిన పిల్ల గోడ అవతలే ఉంటే, వీళ్లు దాన్ని పెళ్లిసంబంధాల గురించి తప్ప ఇంకేమీ అడగలేదు. ఆ రోజు అదే వచ్చి టీవీ ముందు చతికిలబడింది. గుమ్మం ముందు నర్సమ్మ అడిగింది చదివి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అత్తా, ఈవిడ మిమ్మల్ని వదిలేసి ఎక్కడికీ ఎల్లట్లేదు. లోపల చీకటిగా ఉందంట. నేను ముందెల్లి దీపాలు ముట్టిస్తాను, మీరు నా ఎనక రండి, సరేనా అని అడుగుతంది."

ఖాదర్‌బీ తల పట్టుకుంది. "అయ్యో, ఇన్నేళ్లూ దీపం పెడతానన్న పిల్లని గుమ్మంలోనే నిలబెట్టీసినామా!"

నూకరత్నం కళ్లు తుడుచుకుని అవును నొక్కింది. తెర నల్లబడింది. ఈసారి ఎవరూ ప్లగ్గు జోలికి పోలేదు. చీకట్లో ఒక దీపం, దాని పక్కన ఇంకోటి, అలా వరసగా వెలిగాయి. దారి చివర నర్సమ్మ నిలబడి ఉంది. ముగ్గురు ఆడవాళ్లూ ఒక్కసారే చప్పట్లు కొట్టారు.

తరువాత జరిగింది నాకు పరువు తక్కువ. ఏళ్ల తరబడి గుమ్మం ముందే రాక్షసులను కొట్టీ కొట్టీ మా నలుగురూ ఎంత బలిసిపోయారంటే, లోకాన్ని గడగడలాడించాల్సిన నా చీకటి చక్రవర్తి బండోడి రెండు దెబ్బలకే కూలబడ్డాడు. "పాపం పెద్దాయన," అంది గౌరీశ్వరి. అప్పుడు మొదలైంది నా పాట.

విన్నారా అంటే, ఎక్కడ విన్నారు! ఒకామె ఏడుస్తోంది, ఒకామె నవ్వుతోంది, నర్సమ్మది ఏ ఊరో చెప్పమని ఇద్దరూ హిమజను పీక్కు తింటున్నారు, వంటింట్లో కుక్కర్ కూతలు పెడుతోంది. పాట మొత్తం ఆ గోలలో కొట్టుకుపోయింది. జపాన్‌లో ఆ కుర్రాడు నిశ్శబ్దంగా విన్నాడు, ఏడాది తిరక్కుండా అమ్మేశాడు. వీళ్లు వినలేదు, నన్ను అమ్మాలన్న ఆలోచన కూడా వాళ్లకు ఎప్పుడూ రాలేదు. నాకు సంతోషమనిపించింది. చాలా సంతోషం.

అంతా అయ్యాక నూకరత్నం మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. ముగింపు చూసినా నేను దాన్ని దాచుకోను. ఆఖరిసారి ఎక్కడ పడుకున్నారో అక్కడే లేపుతాను. సత్రంలో నలుగురూ నిలబడి ఉన్నారు, చిన్నబాబు, బండోడు, పంతులుగారు, నర్సమ్మ. యుద్ధం జరగనట్టే ఉన్నారు. నూకరత్నం వాళ్లను చాలాసేపు చూసింది. ఊరంతా ఒకసారి తిప్పింది. కనిపించిన ప్రతి మనిషితోనూ మాట్లాడించింది. అప్పుడు సత్రానికి తీసుకెళ్లి పడుకోబెట్టి, నన్ను బయటికి తీసింది.

ఇప్పుడు పైడిరాజు బల్ల మీద ఉన్నాను. నా మరలు ఊడాయి. నా కథ చిప్పుల్లో ఉంది, అది చెరగదు. వాళ్లు నడిచిన నడక మాత్రం ఈ బ్యాటరీలో ఉంది. కాసేపట్లో కొత్త బ్యాటరీ పడుతుంది, ఆ తరువాత ఈ ముగ్గురూ ఎవరో నాకు తెలియదు. నాకు భయంగానే ఉంది. సోల్డరింగ్ ఐరన్ కాలింది. వేళాకోళానికి నోరు తెరిచిన పైడిరాజు, భార్య మొహం చూసి మూసుకున్నాడు. నూకరత్నం వంగి నా మీదికి చూసి, గొంతు తగ్గించి అంది.

"నిద్దరోతన్నారు. నెమ్మదిగా తియ్యయ్యా."