ఎడమ వెనక చక్రం

బాపట్ల బైపాసు పక్కన ఆగిపోయిన లారీ నుదుటి మీద పేరు చదవగానే రిహానా పిడికిలి పానా చుట్టూ బిగుసుకుంది. బసవేశ్వరరావు లారీ!

రెండేళ్ల క్రితం చుండూరు దగ్గర బ్రేకులు పడక డ్రైవరు చిన్నయ్య చనిపోయింది కూడా అతని లారీలోనే. "తెనాలి మెకానిక్ నబీ సాహెబ్ బ్రేకులు చూసి పంపాడు" అని బసవేశ్వరరావు పోలీసులకు చెప్పి చేతులు దులుపుకున్నాడు. సాహెబ్ మీద కేసు నడుస్తోంది. ఆ రోజు నుంచి నబీ సాహెబ్ పానా ముట్టలేదు. షెడ్డు కూతురు రిహానా నడుపుతోంది, దారిలో ఆగిన బళ్లనీ వెళ్లి బాగుచేస్తోంది. ఆమె ఎవరి కూతురో బసవేశ్వరరావుకు తెలియదు.

"అమ్మాయ్, ఈ రొయ్యల మేత రేపల్లె చేరాలి. బ్రేకులకు గాలి నిలవట్లేదు. ముందు వైపు లీకు చూడు, చాలు. వెనకాల కెలక్కు," అన్నాడతను లారీ పక్కన నిలబడి.

ఎందుకు కెలకొద్దన్నాడు?

చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టింది. ముందు జాయింట్లకు సబ్బునురగ పూస్తే ఒకచోట బుడగలు లేచాయి. వాషరు మార్చింది. గాలి నిలిచింది.

"మనోహర్ అన్నా, బ్రేకు తొక్కి పట్టు!" అని డ్రైవరుకు కేకేసి లారీ కిందికి దూరింది. తొక్కగానే ప్రతి చక్రం దగ్గరా గాలి నిండే బ్రేకు చాంబరులోంచి కమ్మీ బయటికి రావాలి. ఎడమ వెనకది కదల్లేదు. బ్రేకు వదలమని చెప్పి పైపు విప్పింది. లోపల బేరింగు గోళీ! చాంబరు లోపలి పొర చిరిగితే మార్చకుండా, గాలి అటు పోకుండా కొట్టిన బిరడా. ఆ చక్రానికి బ్రేకే లేదన్నమాట. ఫోన్లో ఫొటో తీసి, గోళీతో సహా మళ్ళీ అలాగే బిగించింది.

"అయిపోయిందండి. ఇక ట్రయలు. బ్రేకు రిపేరు చేశాక ఓనరు క్యాబిన్లో కూర్చోవాలి. మా నాన్న పెట్టిన రూలు."

"నేనెందుకు?"

రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గరున్న డ్రైవర్లు నవ్వారు. "భయమా సార్? మేం రోజూ ఎక్కట్లా?"

పరువు కోసం ఎక్కాడు. మనోహర్ ఇంజను స్టార్టు చేసి గేరు వేశాడు.

"ఆపరా! ఎడమ వెనక గోళీ ఉంది! చిన్నయ్యలా నన్నూ చంపుతావా?" అని అరిచాడు బసవేశ్వరరావు.

ఇంజను ఆగింది. మనోహర్ ముఖం పాలిపోయింది. అతను చిన్నయ్య తమ్ముడు.

"మా అన్న బండిలోనూ అదే పెట్టావా?"

బసవేశ్వరరావు తలుపు పిడి వెతుక్కున్నాడు. కింద అప్పటికే డ్రైవర్లు చుట్టూ చేరారు.

"కంగారు పడకండి సార్. చక్రాల కింద రాళ్లు నేనింకా తీయలేదు," అంది రిహానా. "గోళీ మాట నేను చెప్పలేదు, మీరే చెప్పారు. వీళ్లంతా విన్నారు. నేను నబీ సాహెబ్ కూతుర్ని."

మనోహర్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "పోలీసులు వచ్చేదాకా బండి కదలదు. నేనే సాక్ష్యం చెప్తా."

రిహానా ఇంటికి, నాన్నకు ఫోను చేసింది.

"అబ్బా, నీ పానాలు తుడిచి పెట్టు."