చాప మీద చింతపిక్కలు

నిఖత్‌కి పుస్తకంలో పేరు కావాలి. తన ఒక్కదాని పేరే అయితే ఇంత ఆరాటం ఉండేది కాదు. అమ్మీ పేరు అచ్చులో చూడాలని ఆమె పంతం. అక్తర్ బేగం పేరు ఇంతవరకు పెళ్లి పత్రికలో, రేషన్ కార్డులో తప్ప ఎక్కడా అచ్చుకెక్కలేదు మరి.

సంగతేమిటంటే, ‘దుర్గం’ అని ఒక ఆట ఉంది. చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర అయిపోయి, పాచికలు వేస్తూ కథను నోటితోనే నడిపించుకుంటూ పోయే ఆట. కథ చెప్పి దారి చూపించే మనిషిని సూత్రధారి అంటారు. హైదరాబాదులో ఆ ఆట తయారుచేసేవాళ్లు రెండో కూర్పు వేయబోతూ, ముసాయిదాను ఊరూరా అడిగినవాళ్లకు ఉచితంగా ఇచ్చి, ఆడి చూసి మంచిచెడ్డలు చెప్పమన్నారు. దానికి ప్లేటెస్ట్ అని పేరు. చెప్పినవాళ్ల పేర్లు ఊరితో సహా పుస్తకం చివర వేస్తామన్నారు. నరసరావుపేటలో ఆ ఆట ఆడే జట్టు ఒక్కటే, దాని సూత్రధారి నిఖత్.

ఆడేవాళ్లు ముగ్గురికి తగ్గకూడదని షరతు. మహేష్ ఉన్నాడు. కారంపూడివాడు, పేటలో విత్తనాల కొట్టు పెట్టుకున్నాడు. భవిత ఉంది. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. మూడోవాడు జహీర్ సరిగ్గా అప్పుడే విశాఖలో ఉద్యోగం వచ్చి చెక్కేశాడు. ఇక చేతికి దొరికింది అమ్మీ.

“నాకు అష్టాచెమ్మా తప్ప ఏం వచ్చే” అంటూనే అక్తర్ బేగం వచ్చి చాప మీద కూర్చుంది. యోధుడు, వైద్యురాలు, దొంగ అని మూడు పాత్రలుంటే దొంగను ఏరుకుంది.

“తాళాలు తీత్తాడంట గదా. మీ అబ్బా రోజూ షాపు తాళాలు పోగొట్టుకుంటన్నాడు. పనికొత్తాడు” అంది. అబ్బా అంటే జమాల్. ఆయన మోటార్ వైండింగ్ షాపు కిందే ఉంది, వీళ్ల ఆట ఆ పై గదిలోనే.

తీరా మొదలుపెట్టాక ఆ దొంగ చేత ఒక్క దొంగతనం చేయించడం నిఖత్ తరం కాలేదు. సంతలో గల్లాపెట్టె తెరిచే ఉంది, కాపలావాడు కునుకు తీస్తున్నాడు అని ఊరించి చెప్పింది. “పాపం, ఎంత అలిసిపోయాడో ఏమో, పడుకోనీ” అని దొంగ పక్కనుంచి చక్కా వెళ్లిపోయాడు. మహేష్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇలా ఆడుతూ పాడుతూ ఆఖరి అంకానికి వచ్చారు. ముట్టడి. కోట చుట్టూ శత్రువులు, బయటి నుంచి సాయం రావడానికి ఇంకా కొన్ని రాత్రులు పడుతుంది. ఒక్కొక్కరి దగ్గరా ఉన్న తిండికి గుర్తుగా నిఖత్ తలా ఒక గుప్పెడు చింతపిక్కలు ఇచ్చింది. రాత్రి గడవాలంటే పిక్క ఖర్చు పెట్టాలి. పాచిక బాగా పడకపోతే ఎక్కువ పెట్టాలి.

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మీ చేసిన పలావును ఒకే పెద్ద పళ్లెంలో పెట్టుకుని నలుగురూ అప్పుడే తిని లేచారు. మహేష్ తన గుప్పెడు తీసి చాప నడిమధ్య కుమ్మరించాడు.

“మా తిరనాళ్లలో చాపకూడు లెక్కన కానీండి. ఎవురిది వాళ్లు చాటుగా పెట్టుకు తింటారా ఏంది” అన్నాడు.

కారంపూడి తిరునాళ్లలో కులం అడక్కుండా అందరూ ఒక్క చాప మీద కూర్చుని తినడం తరాలనాటి ఆచారం. ఇక అక్తర్ బేగం ఇంట్లో భోజనాలకు దస్తర్‌ఖాన్ గుడ్డ పరిస్తే, ఆఖరి మనిషికి వడ్డించేదాకా ఆమె ముద్ద ముట్టదు. కాబట్టి మహేష్ చేసిన పని అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు, నియమాలు చూడాల్సిన సూత్రధారికి కూడా. అందరివీ కలిపేశారు, ఎవరికి ఎంత కావాలంటే అంత తీసిచ్చారు. సాయం వచ్చిన తెల్లవారుజాముకి ముగ్గురూ చిక్కి సగమైనా ప్రాణాలతో ఉన్నారు. భవిత చప్పట్లు కొట్టింది. నిఖత్‌కి ఆ సాయంత్రమంతా కాళ్లు నేల మీద ఆనలేదు.

తర్వాత హైదరాబాదువాళ్ల ప్రశ్నలు తెరిచింది. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. ‘ముట్టడిలో మీ జట్టులో ఎవరు చనిపోయారు? అది ఎలా జరిగింది?’

ముసాయిదా మళ్లీ తీసి చదివితే ఉంది. తిండి ఎవరిది వారిదే, ఒకరిది ఒకరికి ఇవ్వకూడదు. ఆ నియమం ఎలా ఉందో చూడటానికే ఈ అంకమంతా పెట్టారట. ఆడాల్సింది తప్ప అంతా ఆడారన్నమాట.

గడువు ఇంకో ఆదివారం ఉంది. మళ్లీ అందరినీ పిలిచింది.

“ఈసారి ఎవరి గిన్నె వాళ్లకే. రూల్ అంటే రూల్” అని భవిత కాలేజీ గొంతుతో ప్రకటించి, మూడు గిన్నెలు దూరదూరంగా జరిపింది. నిఖత్ కళ్లలో వత్తులేసుకుని కూర్చుంది.

దొంగకు పాచిక అస్సలు కలిసిరాలేదు. రెండో రాత్రికే అమ్మీ గిన్నె అడుగు కనిపించింది. నిఖత్‌కి ఒక పక్క దిగులు, ఒక పక్క హమ్మయ్య అనిపించింది. ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

మూడో రాత్రి వచ్చింది. “నీ తిండి అయిపోయినట్టే గదా అమ్మీ” అంది.

“ఏమో, ఉందే” అంది అక్తర్ బేగం, తనే ఆశ్చర్యపోతూ.

గిన్నెలో పిక్కలున్నాయి. మహేష్ సీలింగ్ ఫ్యాను వంక చూస్తున్నాడు. నిఖత్ మూడు గిన్నెలూ లాక్కుని లెక్క చూసింది. ఒక్కదానికీ లెక్క కుదరలేదు. మహేష్ అమ్మీ గిన్నెలో వేస్తున్నాడు. అమ్మీ, తన గిన్నెలోంచి ఒకటీ అరా తీసి భవిత గిన్నెలోకి జారవేస్తోంది. ఆట మొత్తంలో ఆ దొంగ చేసిన దొంగతనం అదొక్కటే.

“మీరిద్దరూ సరే. భవితా, నీ చున్నీ కింద ఏంది” అంది నిఖత్.

భవిత నెమ్మదిగా గుప్పిట తెరిచింది. అవి మహేష్ గిన్నెకు వెళ్లాల్సిన పిక్కలు.

“టీచరమ్మా, నువ్వు గూడానా” అన్నాడు మహేష్. నలుగురూ ఎంత నవ్వారంటే, ఏం కొంప మునిగిందోనని జమాల్ మెట్లెక్కి పైకి వచ్చి చూసి వెళ్లాడు.

నవ్వులు సద్దుమణిగాక నిఖత్ మొహం చిన్నబోయింది. సాయంత్రంతో గడువు అయిపోతుంది, పంపడానికి జవాబు లేదు. అది అమ్మీ కనిపెట్టింది.

“దొంగ చచ్చిపోయాడని రాసెయ్యవే. నేనేం అనుకోను” అంది.

“అవును, పిన్ని చెప్పినట్టు చెయ్. వాళ్లొచ్చి చూత్తారా” అన్నాడు మహేష్.

నిఖత్ ఫోను తీసింది. దొంగ చనిపోయాడు అని కొట్టింది, చెరిపేసింది. బతికి తన పక్కనే కూర్చుని చింతపిక్కలు ఏరుతున్న దొంగను చంపడానికి ఆమెకు చేయి రాలేదు. జరిగింది జరిగినట్టు రాసింది. మొదటిసారి నియమం తెలియక తప్పు ఆడాం, రెండోసారి తెలిసీ తప్పు ఆడాం, ఈ నియమాన్ని మా అమ్మ చేత, మా వాళ్ల చేత ఆడించడం నా వల్ల కాలేదు, క్షమించండి. పంపేసి, అచ్చులో పేరు సంగతి ఇక మరిచిపోదాం అనుకుంది. అంత తేలిగ్గా మరిచిపోలేదు, ఆ వారమంతా బాధపడుతూనే ఉంది.

పొలాల్లో మిరప కోతలు మొదలయ్యే వేళకు ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. లోపల రెండో కూర్పు, కొత్త కాగితం వాసనతో. నిఖత్ నేరుగా చివరి పేజీ తిప్పింది. నరసరావుపేట అని ఉంది. దాని కింద నిఖత్, మహేష్, భవిత, అక్తర్ బేగం. ఆనందంతో అమ్మీని కేకేసింది.

అప్పుడు ముట్టడి పేజీ గుర్తొచ్చి తీసింది. నియమం మారలేదు. తిండి ఎవరిది వారిదే. దాని కింద మాత్రం చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కొత్తగా చేరింది. ‘ఆటలో ఒక అమ్మ కూర్చుంటే ఈ నియమం పనిచేయదు. నరసరావుపేటలో రెండుసార్లు రుజువైంది.’

గట్టిగా చదివి వినిపించింది. అక్తర్ బేగం కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ వాక్యాన్ని మళ్లీ చదివించుకుంది. ఆపైన కనుబొమలు ముడిచింది.

“అమ్మ ఒక్కతే అని ఏశారేంది. ఆ పిల్లలు గూడా పెట్టారు గదా. పెన్ను తే” అంది.

‘అమ్మ’ పక్కన నిఖత్ చేత ‘మహేష్, భవిత’ అని రాయించింది. ఆ తర్వాత పెద్ద పళ్లెం దించి కడుగుతూ, వాళ్లిద్దరికీ ఫోన్ చెయ్యమంది.