పేరు కింద రెండో వరుస

నాలుగేళ్లలో సూదక్క నలుగురు డాక్టర్ల దగ్గరికి వెళ్లింది. నలుగురూ తలలు ఊపారు. నొప్పి ఉన్న చోటేదో చూద్దామని కుర్చీలోంచి లేచినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

సూదక్క అసలు పేరు వర్క్‌షాపులో ఎవరికీ గుర్తులేదు. అక్కడ యూనిఫారాలు కుడతారు. జేబు మీద పేరూ, దాని కింద విభాగమూ కుట్టే పని ఆమెది. గుడ్డను తిరగేసి వెనకవైపు నుంచి పోగులు సరిచూసుకోవడం పద్నాలుగేళ్ల అలవాటు కావడంతో, తలకిందులుగా ఉన్న అక్షరాలనూ, అద్దంలోలా తిరగబడ్డ అక్షరాలనూ మామూలు రాతంత సులువుగా చదివేస్తుంది. కుట్టు బిగుసుకుంటే గుడ్డ ముడతపడుతుందనీ, ముడతపడ్డ చోట లాగితే చిరుగుతుందనీ ఆమె వేళ్లకు తెలుసు. అందుకే కాన్పులో వేసిన కుట్లు మానిపోయాయని చెప్పి ఇంటికి పంపేసిన రెండు నెలలకే ఆమెకు అనుమానం వచ్చింది. మానడమైతే మానాయి. కుట్లే సరిగ్గా పడలేదు.

భర్తతో కలిసినప్పుడల్లా అక్కడ బ్లేడు పెట్టి గీసినట్టుండేది. అతను లిఫ్టు మెకానిక్కు. ఇరుక్కున్న తలుపును బలవంతంగా లాగకూడదని ఉద్యోగమే అతనికి నేర్పింది. మొదటిసారి ఆమె పళ్లు బిగబట్టడం చూసి ఆగిపోయాడు. ఆ తర్వాత చెయ్యి వేయడానికే భయపడ్డాడు. పాప ఇద్దరి మధ్యలోకి వచ్చి పడుకుంది. కొన్నాళ్లకు మంచినీళ్ల గ్లాసు చేతికివ్వడం కూడా మానేసి బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టాడు. వేళ్లు తగిలితే ఎక్కడ ఉలిక్కిపడుతుందోనని. గ్లాసు బల్లకు తగిలిన ఆ చిన్న చప్పుడు సూదక్కకు నొప్పి కన్నా ఎక్కువ బాధగా ఉండేది. ఆ గ్లాసు మళ్లీ తన చేతికి రావాలి. ఆమె కోరింది అంతే.

మొదట వీధి చివరి డాక్టరు. ఇంటిల్లిపాదికీ జ్వరాలకు చూసేవాడు. ఆమె నోరు తెరవగానే ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా తుడుస్తూనే ఉన్నాడు. అద్దాలు అరిగిపోతాయేమో అనిపించింది.

"బలానికి టానిక్ రాస్తాను."

"బలం లేక కాదండీ. కుట్ల దగ్గర నొప్పి."

"నిద్ర పడుతోందా?"

"పడుతోందండీ."

"అయితే నిద్రకి కూడా ఒకటి రాస్తాను."

తర్వాత పేరున్న డాక్టరమ్మ. ఆవిడ గదిలో నాలుగు గోడలనిండా బోసినవ్వుల పిల్లల ఫొటోలు. ఆ పిల్లల్ని కన్న తల్లి ఫొటో ఒక్కటీ లేదు.

"ఒక్కతే పాపా? ఇంకొకర్ని కనెయ్. అన్నీ సర్దుకుంటాయి."

"దగ్గరికి రానివ్వలేకపోతుంటే ఎలా కనమంటారండీ?"

పక్కనున్న నర్సు నవ్వు ఆపుకుంది. డాక్టరమ్మకు ఆపుకోవడానికి నవ్వే రాలేదు. "అందరూ ఓర్చుకోవట్లేదా? నువ్వొక్కదానివే కొత్తగా పుట్టావా?" అంటూ గంట కొట్టి తర్వాతి మనిషిని పిలిచేసింది. వాకిట్లో ఉన్న ఆయా మాత్రం సూదక్క మొహం చూసి ఫ్యాను కింద స్టూలు జరిపి, "కాసేపు కూచుని వెళ్లమ్మా, ఎవరూ ఏమీ అనరు," అంది. ఆ ఆస్పత్రి మొత్తంలో ఆమెకు జరిగిన వైద్యం అదే.

మూడోవాడు టైర్ల దుకాణం పైనుండే మహానుభావుడు. రహస్య సమస్యలకు శాశ్వత పరిష్కారమని బోర్డు మీద ఉంది. ఆ బోర్డు ఎంత రహస్యమంటే మూడు వీధుల అవతలికి కనిపిస్తుంది. అతను సూదక్క భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"మగాడేడి?"

"సమస్య నాదండీ."

"ఆడవాళ్లకి ఈ సమస్యలుండవమ్మా. అతన్ని పంపు. గుర్రాన్ని చేసి పంపిస్తాను."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే భర్త చాలా రోజుల తర్వాత నవ్వాడు. "గుర్రమైతే లిఫ్టులో పట్టనే," అన్నాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వయ్యాక అతను లేచి, ఎప్పటిలాగే గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లాడు.

నాలుగో ఆయన మనసు డాక్టరు. మెత్తటి సోఫా, మెత్తటి గొంతు.

"చూడమ్మా, నొప్పి నీ మనసులో ఉంది."

"నా మనసు అక్కడ ఉండదు కదండీ."

ఆయన చిరునవ్వు చెదరనివ్వకుండా ఫైల్లో ఏదో రాసుకున్నాడు. తలకిందుల రాత చదవడం ఎదుటి మనిషికి రాదని ఆయన ధీమా. 'వాదిస్తుంది' అని రాశాడు.

ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు తుడుస్తున్న భర్తతో సూదక్క అంది: "ఇంకొక్కరికి చూపిస్తాను. ఆ ఒక్కరూ ఇదే పాట పాడితే ఇక ఈ ఊసు ఎత్తను. పాపని మధ్యలో పడుకోబెట్టుకునే ముసలాళ్లమైపోదాం."

"ఆ ఒక్కరు ఎవరో?" అన్నాడతను.

అదే తెలియదు. పెద్దాసుపత్రికి వెళ్లి విచారణ కిటికీ దగ్గర, "ఇలాంటి వాటికి ప్రత్యేకంగా చూసే డాక్టరున్నారా?" అని గొణిగింది. లోపలి గుమాస్తా, "ఎలాంటి వాటికి? గట్టిగా చెప్పు తల్లీ," అన్నాడు, వెనకున్న ఇరవైమందికీ వినబడేలా. ఆమె నీళ్లు నమిలి, ఏం లేదండీ అని వచ్చేసింది.

ఆ తర్వాతి వారమే పెద్దాసుపత్రి నుంచి కోట్ల ఆర్డరు వచ్చింది. ఐదేళ్లకోసారి వస్తుంది. కొలతల కోసం పాత కోట్లను మూట కట్టి పంపుతారు. ఒక్కొక్క పాత కోటును చూసి కొత్తదాన్ని కత్తిరించి, జేబు మీది అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు ఎక్కించడం అక్కడి పద్ధతి. జాబితా ఎవరూ చదవరు. పాత కోటే జాబితా.

ముప్ఫయ్యో కోటో, ముప్ఫై ఒకటో. కాస్త చిన్న కొలత, ఆడమనిషిది. జేబు మీద పేరు ఒక్కటే ఉంది. విభాగం లేదు. సూదక్క అలవాటు కొద్దీ జేబు తిరగేసింది. కుట్టు ముడుచుకోకుండా వెనక పెట్టే గట్టి గుడ్డ ముక్క మాత్రం రెండు వరుసలకు సరిపడా ఉంది. ఒక వరుసకి ఇంత ముక్క ఎవరు వృథా చేస్తారు? బొటనవేలితో తడిమింది. పేరు కింద సన్నటి గరుకు. దీపం వెలుగుకు ఎత్తి పట్టుకుంది. ఎన్ని ఉతుకులకు పై గుడ్డలో రంధ్రాలు పూడిపోయినా, వెనకముక్క అన్నిటినీ దాచుకుంది. చుక్కలు చుక్కలుగా, తిరగబడ్డ అక్షరాలు. అక్కడక్కడా నీలం పోగు.

'స్త్రీల లైంగిక ఆరోగ్య నిపుణురాలు.'

సూదక్క కోటును ఒళ్లో పెట్టుకుంది. ఆ అక్షరాలు కుట్టిందీ తనే. ఊడదీసిందీ తనే.

ఐదేళ్ల కిందటి ఆర్డరప్పుడు సూదక్కకు ఏడో నెల. ఆ డాక్టరు కొత్తగా చేరిన మనిషి కావడంతో, పాత కోటు లేక జాబితా చూసి కుట్టింది. ఆ కోటు చూసి వర్క్‌షాపు యజమాని, అందరూ మాస్టారు అని పిలిచే మనిషి, పాము మీద కాలేసినట్టు ఎగిరిపడ్డాడు. "ఛీ, ఇదేం మాటమ్మా, కోటు మీదా? ఈవిడ ఇది తొడుక్కుని ఎదురుగా వస్తే మగాళ్లు తలెక్కడ పెట్టుకోవాలి?" ఆసుపత్రి స్టోర్సు ఆఫీసరుకి ఫోను చేశాడు. తను పంపిన జాబితా ఆ ఆఫీసరూ చదివి ఏడ్చినట్టు లేదు. "అలా ఉందా? తీసి పారేయండి మాస్టారూ, పేరు చాలు," అన్నాడట. ఇద్దరు మగవాళ్లు ఫోనులో అర నిమిషం సిగ్గుపడ్డారు. ఊళ్లో ఆడవాళ్లకు ఐదేళ్లపాటు ఒక డాక్టరు మాయమైపోయింది.

కుట్టు విప్పే కొక్కెం పుచ్చుకుని ఆ అక్షరాలు ఒక్కొక్కటే పీకుతూ సూదక్క పక్కవాళ్లతో ఏమందో కూడా ఆమెకు గుర్తొచ్చింది. "ఈవిడ దగ్గరికి ఎవరెళ్తారే, సిగ్గులేకుండా?" అంది. అందరూ పడీపడీ నవ్వారు. నలుగురు డాక్టర్లను నాలుగేళ్లుగా తిట్టుకున్న నోరే, వాళ్లందరికన్నా ముందు ఆ రోజు ఈ ఐదో మనిషిని తిట్టింది. అందరికన్నా ఎక్కువగా.

మర్నాడు సెలవు పెట్టి మళ్లీ ఆ కిటికీ దగ్గరికే వెళ్లింది. ఈసారి రోగం చెప్పలేదు. డాక్టరు పేరు చెప్పింది. గుమాస్తా రిజిస్టరు తిరగేసి తల గోక్కున్నాడు. "ఈవిడకి విభాగమే రాసి లేదే. గది నలభై ఏడు. కళ్ల విభాగం దాటాక, విరిగిన మంచాలు పడేసిన గది పక్కన."

బోర్డు లేని తలుపు. లోపల యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, సన్నగా, పొట్టిగా. ఒంటి మీదున్న ఇంకో కోటు జేబు మీదా పేరొక్కటే. సూదక్క వరసగా నాలుగు చోట్ల చెప్పి అరిగిపోయిన మాటలే మళ్లీ చెప్పింది. డాక్టరు కళ్లజోడు తుడవలేదు. గంట కొట్టలేదు. అంతా విన్నాక, "చూడనా?" అని అడిగింది. "ముట్టుకునే ముందు ప్రతిసారీ చెబుతాను. వద్దంటే అక్కడితో ఆపేస్తాను."

అలా అడిగినందుకే సూదక్క కళ్లు చెమ్మగిల్లాయి. వెంటనే తనమీద తనకే చిరాకేసింది. ఇంతేనా, ఈ రెండు ముక్కలు అనడానికేనా నలుగురికీ నోరు రానిది?

డాక్టరు దీపం జరిపి, దూదిపుల్ల కొసతో ఒకచోట తాకింది. "ఇక్కడేనా?"

"అక్కడే. కచ్చితంగా అక్కడే."

"మచ్చ గట్టిపడి లోపలికి లాగేస్తోంది. ఉండాల్సిన దానికన్నా ఒక కుట్టు ఎక్కువేశారు. మొగుడికి మేలు చేస్తున్నామనుకుని అలా బిగించే పెద్దమనుషులు కొందరుంటారు." డాక్టరు గొంతులో మొదటిసారి ఎగతాళి వినిపించింది. "ఆ మొగుణ్ణి గానీ నిన్ను గానీ అడిగి చేయరు."

"బిగుసుకుందని నేను చెబుతూనే ఉన్నానండీ. కుట్టు పని నాది. నాకు తెలియదా?"

"తెలుస్తుంది. నాలుగేళ్లు నొప్పి పడేసరికి చుట్టూ కండరం కూడా భయంతో బిగుసుకుపోయింది. మూడు నెలలు పూత మందు, మచ్చని మెల్లగా సాగదీసే పద్ధతి నేర్పిస్తాను. దాంతో లొంగకపోతే చిన్న ఆపరేషను, సరిగ్గా కుట్టడానికి. రేపటికే తగ్గిపోతుందని మాత్రం నేను చెప్పను."

చీర సర్దుకుని కుర్చీలో కూర్చున్నాక సూదక్క తల దించుకుని అంది: "మీ కోటు మీద రెండో వరుస ఊడదీసింది నేనేనండీ."

డాక్టరు జేబు వైపు చూసుకుంది. "నువ్వా? ఐదేళ్లలో స్టోర్సుకి పదకొండు ఉత్తరాలు రాశాను. గుడ్డలో చోటు చాలలేదన్నారు."

"చోటుకేం తక్కువండీ," అంది సూదక్క. "మనుషులకే తక్కువ."

ఇంటికొచ్చి భర్తకు డాక్టరు చెప్పినదంతా వివరంగా చెప్పింది. ఎక్కువేసిన కుట్టు మాట దగ్గర అతని మొహం మాడిపోయింది. "నా కోసమా? నన్నెవరు అడిగారు?" అన్నాడు. లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. బల్ల దాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగి ఆమె ముందు పట్టుకున్నాడు. ఆమె అందుకుంది. వేళ్లు తగిలాయి. ఆమె ఉలిక్కిపడలేదు. నీళ్లు మాత్రం కాసిన్ని ఒలికాయి, తుడవడానికి ఇద్దరూ ఒకేసారి వంగారు.

కొత్త కోటు మీద సూదక్క రెండు వరుసలూ కుట్టింది. రెండో వరుసను జేబుతో కలిపి, కాన్వాసు సంచులకు వాడే మందపాటి దారంతో, జేబు గుడ్డా వెనకముక్కా రెండూ కలిసేలా ఎక్కించింది. మూట కట్టే రోజున అది మాస్టారి కంటబడింది.

"మళ్లీ ఇదేంటమ్మా? తీసెయ్ తీసెయ్."

"తీయాలంటే జేబు చింపాలి మాస్టారూ. చినిగిన కోటు పంపుదామంటారా?"

అతను మూతి ముడిచి, సణుగుతూ మూట కట్టించేశాడు. ఆసుపత్రి నుంచి తిప్పి పంపేస్తారని వారం రోజులు బెదిరించాడు. ఏ కోటూ తిరిగి రాలేదు. స్టోర్సు ఆఫీసరు ఈసారీ చదివి ఉండడు.

రెండో నెల చికిత్సలో ఉండగా, ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక మాస్టారు ఆమె మిషను దగ్గరకొచ్చి నిలబడ్డాడు. దారపు ఉండలు అటూ ఇటూ జరిపాడు.

"అమ్మా, మా ఇంటావిడకి... కొన్నాళ్లుగా... ఆ డాక్టరు, ఆ కోటావిడ..."

"ఏ కోటావిడ మాస్టారూ? నలభై రెండు కోట్లు కుట్టాం."

"అదే, నీకు తెలుసు కదమ్మా."

సూదక్క కుట్టే ప్రతి కోటు అక్షరాలనూ ముందుగా ఒక నమూనా ముక్క మీద ఎక్కించి దాస్తుంది. సొరుగులోంచి ఆ ముక్క తీసి అతని ముందు పెట్టింది.

"ఏ డాక్టరు కావాలో చదవండి. గది నంబరు చెబుతాను."

మాస్టారు తలుపు వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. ఐదేళ్ల కింద ఫోనులో గట్టిగా అరిచిన గొంతు ఇప్పుడు ఎక్కడికి పోయిందో వెతుక్కుంటున్నట్టున్నాడు. ఎగతాళి చేయడానికి సూదక్క నాలుక చివర చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆ పెద్దమనిషి చెవులు ఎర్రబడటం చూసి, వాటిని మింగేసి ఓపిగ్గా కాచుకుంది.

"స్త్రీల..." అన్నాడు మాస్టారు.

"ఊఁ."

"స్త్రీల లైంగిక... ఆరోగ్య నిపుణురాలు."

"నలభై ఏడు," అంది సూదక్క. "కళ్ల విభాగం దాటాక. మీరు కూడా వెళ్లండి. ఆవిడని ఒంటరిగా పంపకండి."