బోర్లించిన కంచం

ఆ వీధిలో ఆమెను అందరూ తాళాలమ్మ అంటారు. ఎవరు పెట్టారో గానీ పేరు అతికినట్టు సరిపోయింది. బస్టాండు పక్కన మంచం పట్టేంత కొట్టు ఆమెది. తాళంచెవికి జత కావాలని ఎవరొచ్చినా గాట్లు లేని కొత్త చెవిని దానికి జతచేసి వైసు పట్టులో బిగించి, ఆకురాయితో నాలుగు గాట్లు పెట్టి, పొడి ఊది పది నిమిషాల్లో చేతిలో పెడుతుంది. ఇత్తడి రజను గోళ్ళ సందుల్లోంచి ఎంత కడిగినా పోదు.

ఇంటి తలుపుకి మూడు తాళాలు. బస్సు నడిపే మొగుడు వాటిని చూసి, మనింట్లో ఉన్న బంగారమంతా ఈ తలుపుకున్న ఇత్తడేనే అని ఆటపట్టిస్తాడు. ఆమె నవ్వుతుంది, తాళాలు మాత్రం తియ్యదు. ఆ ఇంట్లో ఇంకో వింత కూడా ఉంది. కంచాలు కడిగి, తుడిచి, గోడకు ఆనించి నిలబెట్టాలి గానీ బోర్లించకూడదు. పెళ్ళయిన కొత్తలో ఆయన తెలియక ఒక కంచం బోర్లిస్తే ఆమె పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. పాపం, ఆ మనిషి మళ్ళీ ఆ పని చెయ్యలేదు.

అంత భయం ఎందుకంటే, ఆమె పెరిగిన చోటు అలాంటిది. లోపలివాళ్ళు దాన్ని 'ఇల్లు' అనేవారు, అంతే. ఎత్తైన గోడ, లోపల నలభై మంది, స్నానాల గదితో సహా ఏ తలుపుకీ గడియ లేదు. దాన్ని నడిపే పెద్దమనిషిని అందరూ నాన్నగారు అనాలి. కన్నతండ్రి పక్కనే ఉన్నా సరే, ఆ పిలుపు ఆ పెద్దమనిషికే చెల్లు. గోడ అవతల మనుషులు లేరనీ, మనుషుల వేషం వేసుకున్నవాళ్ళు ఉన్నారనీ పిల్లలకు చెప్పేవారు. ఇక శిక్ష అంటే కొట్టడమూ తిట్టడమూ కాదు. పొద్దున లేచేసరికి భోజనాల గదిలో నీ కంచం బోర్లించి ఉంటుంది. ఇక నీ వైపు ఎవరూ చూడరు, పలకరించరు. అందరూ తిన్నాక మిగిలితే తినాలి. నువ్వు నోరు విప్పావో, నీ మాట విన్న నీవాళ్ళ నాలుకలు కుళ్ళిపోతాయి. నాన్నగారు మళ్ళీ కంచం తిప్పేదాకా అంతే. ఇలాంటివి పసివాళ్ళ బుర్రల్లోకి ఎక్కించినవాడి చేతులు పడిపోను.

తొమ్మిదేళ్ళప్పుడు ఆమె కంచం బోర్లాపడింది. చేసిన నేరమల్లా నాన్నగారికి కూడా పన్నునొప్పి వస్తుందా అని అడగడం. మూడో రోజు ఉండబట్టలేక వంటింట్లో తల్లి కొంగు పట్టుకుని, "అమ్మా, ఆకలేస్తోంది" అంది. తల్లి రెండు చెవులూ మూసుకుని గోడ వైపు తిరిగింది. పిల్ల నోరు విప్పిందని నాన్నగారికి చెప్పింది కూడా ఆ తల్లే. దాంతో శిక్ష ఇంకో ఎనిమిది రోజులు పెరిగింది.

పంతొమ్మిదో ఏట పాల వ్యానులో ఖాళీ క్యాన్ల మధ్య దాక్కుని బయటపడింది. అప్పట్నుంచీ ఆమె భయమల్లా ఒక్కటే. పారిపోయినవాళ్ళ కోసం ఇల్లు రౌడీలను పంపదు, అమ్మలను పంపుతుంది. ఆ అమ్మ వచ్చి కాళ్ళమీద పడి ఏడుస్తుంది. వారం తిరక్కుండా పారిపోయినవాళ్ళను తీసుకుపోవడానికి వ్యాను వస్తుంది. తను లోపల ఉన్న రోజుల్లోనే అలా ఇద్దరు ఆడపిల్లలు చంటిబిడ్డలతో సహా తిరిగి రావడం ఆమె కళ్ళారా చూసింది. అన్నీ తెలిసి కూడా, పెళ్ళయిన కొత్తలో మనసు ఆగక తల్లికి చిరునామాతో ఒక ఉత్తరం రాసి పోస్టులో పడేసింది. మర్నాడే లెంపలు వేసుకుని మొదటి తాళం బిగించింది. కూతురు చిట్టి పుట్టాక రెండోది, చిట్టి బడికి వెళ్ళాక మూడోది.

ఆ సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే కొట్టు కట్టేసి ఇంటికొస్తే, మూడు తాళాలూ తీసి ఉన్నాయి.

ముందు మొగుడనుకుంది. అతని డ్యూటీ తొమ్మిదిదాకా ఉందని వెంటనే గుర్తొచ్చింది. తలుపు తోసింది. ఎదురుగా బల్లమీద చిట్టి తినే కంచం, అంచున పువ్వున్న చిన్న కంచం, బోర్లించి ఉంది. తాళాలమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. వచ్చేశారు, తన పిల్లకే వేశారు శిక్ష, అనుకుంది.

ఇంతలో పెరటి వైపు నుంచి చిట్టి నవ్వు వినబడింది. పరిగెత్తింది. మెట్టు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఏడేళ్ళ చిట్టి ఆమె నెరిసిన జుట్టుకి చిక్కు తీస్తోంది. ఆవిడ తలెత్తింది. పదమూడేళ్ళయింది తల్లి ముఖం చూసి.

"అమ్మా, ఈ అమ్మమ్మ మూగదే. ఏమడిగినా మాట్లాడదు" అంది చిట్టి. కంచాన్ని ఆవిడే బోర్లించిందట. తను తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపి, ఇది నాది అన్నట్టు గుండె మీద తట్టి చూపించిందట.

పెరటి గోడ అవతల నుంచి పక్కింటి నర్సమ్మగారి గొంతు వినిపించింది. ఆసుపత్రి ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, బడి నుంచి వచ్చాక చిట్టిని చూసుకునేది ఆవిడే. అవసరానికని ఇచ్చిన తాళంచెవులు ఆవిడ దగ్గరే ఉంటాయి. ముఖం అచ్చుగుద్దినట్టు నీదే, అడక్కుండానే తెలిసిపోయింది, ఎండలో ఎంతసేపు నిలబెట్టను అంది. మంచి చెయ్యబోయింది మహాతల్లి, ఏమనగలదు! చిట్టిని ఆవిడ ఇంటికి పంపి తాళాలమ్మ తలుపు గడియ పెట్టింది.

తల్లీకూతుళ్ళు బల్లకి చెరో వైపు కూర్చున్నారు. మధ్యలో కంచం.

వాళ్ళు పంపారా అని అడిగితే తల్లి తల అడ్డంగా ఊపింది. ఆ ఇంటివాళ్ళు తల ఎటు కావాలంటే అటు ఊపగలరని తాళాలమ్మకు తెలుసు. తల్లి వేలితో కంచం చూపించింది. తిప్పమని. తనకు తానే శిక్ష వేసుకుని, ఎత్తే పని కూతురికి అప్పజెప్పింది. జాలేసింది. చెయ్యి దానంతటదే కంచం అంచు దాకా పోయి అక్కడ ఆగింది. తిప్పితే, ఈ ఇంటికి తను నాన్నగారవుతుంది. తిప్పకపోతే, తొమ్మిదేళ్ళ పిల్లకు ఈ తల్లి చేసిందే తనూ చేసినట్టు.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను తిప్పను. అది అలాగే ఉండనీ. అలా ఉండగానే మాట్లాడు."

తల్లి కళ్ళు గోడ వైపు తిరిగాయి. ఆ గోడ అవతలే నర్సమ్మగారిల్లు. చిట్టి గట్టిగా పాఠం చదువుతోంది, ఒక్కో ముక్కా ఇవతలికి వినబడుతోంది. తల్లి ఎవరి నాలుక గురించి భయపడుతోందో తాళాలమ్మకు అర్థమైంది. ఇంకా ఆ ఇంటి మనిషే అయితే చచ్చినా నోరు విప్పదు. పాఠం పూర్తయ్యేలోగా విప్పకపోతే, పిల్లను తీసుకుని మొగుడి డిపోకి వెళ్ళిపోవాలి, మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదు. అలా నిశ్చయించుకుని తాళాల గుత్తి గుప్పిట్లో పట్టుకుంది.

చెప్పుకుంటే నవ్వుతారు గానీ తనకీ భయమే. పదమూడేళ్ళు బయట బతికింది, బిడ్డను కంది, ఊళ్ళో సగం తలుపుల తాళాలు తన చేతి మీదుగా పోయాయి. అయినా ఆ క్షణంలో నాలుక పళ్ళకు ఆనించి, ఉందా లేదా అని చూసుకుంది. మాట్లాడమంది తనే. మాట్లాడితే చిట్టికి ఏమన్నా అయితే?

తల్లి పెదాలు కదిలాయి. మూసుకున్నాయి. మళ్ళీ కదిలాయి. చేతులు రెండూ బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాయి.

"ఆకలేస్తోందే" అంది.

గోడ అవతల చిట్టి చదువు ఠక్కున ఆగిపోయింది.

ఇద్దరూ గోడనే చూస్తూ ఉండిపోయారు. తాళాలమ్మ కుర్చీలోంచి సగం లేచింది. అదంతా ఎంతోసేపు కాదు. నర్సమ్మగారు ఏదో తప్పు దిద్దినట్టుంది, చిట్టి విసుక్కుంది. వెనక్కి వెళ్ళి అదే వాక్యం మొదట్నుంచీ ఇంకా గట్టిగా చదవడం మొదలుపెట్టింది. తల్లి బల్లమీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

తాళాలమ్మ లేచి ఇంకో కంచం తెచ్చి అన్నం పెట్టింది. బోర్లాపడ్డదాన్ని ముట్టుకోలేదు. తల్లి ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి, అలవాటు కొద్దీ దాని వైపు చూసి ఆగిపోయింది.

"తిను. తింటూ మాట్లాడు."

తల్లి ఆ ముద్ద మింగింది. కూతురి ముఖంలోకి చూడలేక, కంచంలోకే చూస్తూ అంది.

"ఆ వేళ విన్నానే. చెవులు మూసుకున్నా, ఆకలేస్తోందని నువ్వన్నది వినబడింది."

తాళాలమ్మ గుప్పిట్లో ఉన్న తాళాల గుత్తి బల్లమీద పెట్టి, ఇంకో గరిటె అన్నం వడ్డించింది.