కెటిల్ మోసే చిన్నది

ఆ కుట్టుగదిలో అందరికంటే చిన్నదాన్ని బుజ్జి అంటారు. బుజ్జికి యాభై ఆరేళ్లు.

ఆ పేరు పెట్టిన రోజున ఆమెకు పద్దెనిమిది. గదిలో చిన్నవాళ్లెవరో వాళ్లే కిందికి దిగి, ఎదురు కొట్టు నుంచి కెటిల్‌తో టీ తేవాలి. అందరికీ పోశాకే తాము తాగాలి. అది అక్కడి రూలు. అప్పట్లో ఒక్కో మిషన్‌కు ఇద్దరమ్మాయిలు పోటీపడేవారు కాబట్టి ఆ పని ఎవరి నెత్తి మీదా ఏడాదికి మించి ఉండేది కాదు. తన తర్వాత వచ్చేదాని చేతిలో కెటిల్ పెట్టేసి దర్జాగా కూర్చోవచ్చని బుజ్జి కూడా అనుకుంది.

వచ్చేది రానేలేదు. ఇళ్లలో పిల్లలు తగ్గారు. పుట్టిన కొద్దిమంది ఆడపిల్లలూ చదువుకుని ఆఫీసుల దారి పట్టారు. గదిలో ఐదుగురు మిగిలారు. బుజ్జి మాత్రం రెండంతస్తుల మెట్లూ ఎక్కి దిగుతూనే ఉంది. ఈమధ్య మోకాలు మొరాయిస్తోంది, కానీ ఆ మాట పైకి అనదు. చిన్నదే కుంటుతోందంటే మిగతావాళ్ల సంగతేమిటని ఆమె బాధ.

ఒకరోజు రేడియోలో, పనిచేసే వయసున్న ఆడవాళ్ల వాటా ఏటేటా పడిపోతోందని చెప్పారు. అరవై నాలుగు దాటినవాళ్లు ఆ లెక్కలోకి రారట.

"అయితే నేను లేనన్నమాట," అంది డెబ్బైకి దగ్గరపడ్డ పెద్దక్క, మిషన్ ఆపకుండానే. "మరి ఈ కోటు ఎవరు కుడుతున్నట్టో!"

అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే యజమానురాలు వచ్చి, సోమవారం కొత్త మనిషి చేరుతోందని చెప్పింది. బుజ్జి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కెటిల్‌ను తళతళలాడేలా తోమిపెట్టింది.

సోమవారం కొత్త మనిషి రానే వచ్చింది. తల ముగ్గుబుట్ట, వయసు అరవై రెండు.

"ఇన్నాళ్లూ బస్సు నడిపానమ్మా. రిటైరయ్యి ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోంది," అంది.

బుజ్జి ప్రాణం ఉసూరుమంది. పెద్దక్కకు జాలేసింది కానీ రూలు రూలే. "వయసులో చిన్నది నువ్వేగా తల్లీ," అంది.

బుజ్జి కెటిల్ తీసుకుని దిగింది. మొదటి మలుపులోనే మోకాలు కలుక్కుమంది. మెట్టు మీద కూలబడింది. ఇక ఈ జన్మకు తనకు కెటిల్ తప్పదని కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనకే దిగివచ్చిన కొత్తావిడ పక్కన కూర్చుంది.

"నీ సర్వీసెంత?"

"ముప్పై ఎనిమిదేళ్లు."

"నాది ఒక్క గంట. మా డిపోలో చిన్నాపెద్దా సర్వీసును బట్టే. ఇటివ్వు."

"పెద్దదానివి, నీచేత మోయిస్తే బాగుంటుందా అక్కా?"

"నన్ను చిన్నదని ఎవరైనా అని ఎన్నేళ్లయిందో! ఆ ముచ్చట కాస్త తీరనివ్వు."

వట్టి చేతులతో పైకి వచ్చిన బుజ్జిని పెద్దక్క చూసింది, ఆమె మోకాలినీ చూసింది, తిరిగి కుట్టుపనిలో పడింది. కాసేపటికి కొత్తావిడ వచ్చి మొదటి గ్లాసు బుజ్జికే పోసింది. బుజ్జి గుటక వేసి కెవ్వుమంది.

"అమ్మో! టీ ఇంత వేడిగా ఉంటుందా?"

అందరికీ పోసి తన గ్లాసు దాకా వచ్చేసరికి బుజ్జి టీ ఎప్పుడూ చల్లారిపోయేది. పెద్దక్క మిషన్ ఆపేసింది.

"ఇన్నేళ్లూ మాకు తట్టనేలేదే," అంది. "ఊదుకుని తాగు, బుజ్జీ."

"బుజ్జి నేను కదా," అంది కొత్తావిడ, అడుగున మిగిలిన టీ తన గ్లాసులోకి వంచుకుంటూ.