కదలని అంకె

ఈస్టు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో పెద్ద ట్యాంకుల కింద ఒక నేలమాళిగ ఉంది. పైన ఈస్టు పొంగేటప్పుడు పుట్టే గ్యాసు గాలికన్నా బరువు. ఎక్కడ సందు దొరికినా కారి, కిందికి దిగి, నేలమీద చేరుతుంది. రంగు లేదు, వాసన లేదు. మెట్లు దిగిన మనిషికి తాను పడిపోతున్నట్టు కూడా తెలియనివ్వదు. అందుకే అక్కడి గోడకు సెన్సర్ పెట్టించారు. పెట్టింది పిచ్చుక.

పిచ్చుక అసలు పేరు కాదు. అక్క పెళ్ళినాడు బావ పెట్టిన పేరు. అప్పట్లో ఆమె నోరు మూతపడేది కాదు. నాన్న లేని ఆ పిల్లను బావే చదివించాడు. ఈ ఫ్యాక్టరీలో వాల్వులు తిప్పే ఆపరేటర్ ఆయన. "మా మరదలు చేస్తుంది, పూచీ నాది" అని ఈ పని ఇప్పించిందీ ఆయనే.

పని చూడటానికి చిన్నది. సెన్సర్లు చెప్పింది ఆమె ప్రోగ్రామ్ రాసిపెట్టిన చిన్న సర్క్యూట్ బోర్డు విని, సెకనుకో వరుస చొప్పున సీరియల్ కేబుల్లో కంట్రోల్ రూముకు పంపాలి. గది నంబరు, కామా, గ్యాసు, కామా, వేడి. స్క్రీను ఆ వరుస చదివి అంకెలు చూపిస్తుంది. గ్యాసు హద్దు దాటితే గంట కొడుతుంది.

చిక్కల్లా ఒక్కటే. సెన్సర్ అప్పుడప్పుడు బదులు చెప్పేది కాదు. రెండు కామాల మధ్య ఖాళీ వెళ్ళేది. ఆ ఖాళీ చూసి స్క్రీనంతా ఎర్రబడేది. సూపర్‌వైజర్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఆ ఖాళీలో పాత అంకే వేసెయ్యవే," అన్నాడు బావ. "సెకనుకోసారి వాగేది ఒక్క మాట మింగితే కొంపలేం మునిగిపోవు. నువ్వు మింగితే మాత్రం డాక్టర్ని పిలవాలి!"

పిచ్చుక నవ్వుతూ వేసేసింది. వరసగా రెండు మూడుసార్లకు మించి పాత అంకె పోకుండా ఒక కట్టడి రాయాలని కూడా అనుకుంది. తర్వాత చూద్దాంలే అనుకుంది. ఆ తర్వాత ఎప్పుడొస్తుందో మనందరికీ తెలిసిందే. వరుసలు ముత్యాల్లా వెళ్ళసాగాయి, సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు.

ఒక మధ్యాహ్నం కొత్త గదికి సెన్సర్ కలపడానికి వచ్చి, ఆమె ట్యాంకుల హాల్లో ఒక మూల లాప్‌టాప్ తెరిచింది. బావ టార్చి ఊపుకుంటూ అటు వచ్చాడు.

"కింద వాల్వు తిప్పేసి వస్తా."

"అంకె చూశావా బావా?"

"చూడకుండా దిగుతానా? ఆరు వందల పన్నెండు. ఈసారి పూచీ నీది!"

ఆయన వెళ్ళాక ఆమె కేబుల్ తగిలించింది. వరుసలు జారడం మొదలైంది. ఒకటో గది 580, 583, 579. రెండో గది 641, 638, 640. మూడోది నేలమాళిగ. 612, వేడి 27.4. మళ్ళీ 612, 27.4. మళ్ళీ అదే.

గాలి ఆడే చోట అంకె కుదురుగా కూర్చోదు. చంటిపిల్ల నిద్రలో కూడా కాలో చెయ్యో ఆడించినట్టు, అటో ఇటో జరుగుతూనే ఉంటుంది. ఇది జరగడం లేదు. ఇంకొక్క వరుస చూద్దామనుకుంది. 612, 27.4. పిచ్చుకకు అప్పుడు అర్థమైంది. సెన్సర్ ఎప్పుడో చచ్చిపోయింది. దాని చివరి మాటను తాను రాసిన ప్రోగ్రామే వల్లెవేస్తోంది.

"బావా! పైకొచ్చెయ్!"

మెట్ల దగ్గరికి పరిగెత్తింది. కింద టార్చి వెలుగు గోడ మొదట్లో పడి ఉంది. ఆ వెలుగు కూడా కదలడం లేదు.

ఒక మెట్టు దిగేసింది. "కింద ఎవరైనా పడితే వెంట దిగకే, ఇద్దరూ పోతారు" అని బావే ఎన్నోసార్లు చెప్పాడు. ఆ కాలు వెనక్కి తీసుకోవడానికి ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. కింది గాలిని బయటికి తోడే ఫ్యాన్ల స్విచ్చి గోడ మీద వేసి, ప్రమాదం గంట లాగి, గొంతు చిరిగేలా అరిచింది. హాలు అవతలి కొస నుంచి ఇద్దరు మనుషులు గాలి సిలిండర్లు వీపున వేసుకుని పరుగున బయల్దేరారు.

అంతలో మైకు గరగరలాడింది. కంట్రోల్ రూము నుంచి సూపర్‌వైజర్ గొంతు.

"ఎవరండీ గంట లాగింది? కంగారు పడకండి. కింద గ్యాసు మామూలుగానే ఉంది. ఆరు వందల పన్నెండు."

ఆ మాట విని, పరిగెత్తుతున్న ఇద్దరూ పరుగు మాని నడవసాగారు.

"అది గ్యాసు కాదు, నేను రాసిన అంకె! పరిగెత్తండి!" అని పిచ్చుక ఏడుస్తూ అరిచింది. ఫ్యాన్ల హోరులో ఆమె గొంతు వాళ్ళదాకా పోలేదు.

మైకు మళ్ళీ పలికింది. "ఇప్పుడు కూడా చూశానండీ. ఆరు వందల పన్నెండే."